డబ్బా జరగదు

గ్రాఫు గీసిందే జూన్‌లో అమ్మకాలు ఎలా పడిపోయాయో చూపించడానికి. గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ సాఫ్ట్‌వేర్ పెట్టే లెజెండ్ డబ్బా, అదే, ఏ గీత దేనిదో చెప్పే పెట్టె, వచ్చి సరిగ్గా ఆ జూన్ మీదే చతికిలబడింది. వారం నుంచీ ఇదే వరస.

ఎక్కడ కూర్చోవాలో మనం చెప్పకపోతే అదే ‘బెస్ట్’ చోటు వెతుక్కుంటుంది. 2017లో 2.0 వెర్షన్ వచ్చినప్పటి నుంచి దానికి ఈ స్వేచ్ఛ ఇచ్చారు. బెస్ట్ అంటే మరేం లేదు, తక్కువ అడ్డం వచ్చే చోటు. కుడి పక్కన ధరలకు ఇంకో స్కేలు పెట్టామా, ఇక చూడండి. అమ్మకాల లెజెండుకు ధరల గీత కనబడదు, ధరల లెజెండుకు అమ్మకాలు కనబడవు. రెండూ ఒకే మూల బెస్టని తేల్చుకుని, ఒకే బెర్తుకు టికెట్లున్న ప్రయాణికుల్లా ఒకదానిపై ఒకటి ఎక్కి కూర్చుంటాయి.

సరే, చోటు మనమే చెబుదామంటే 0 నుంచి 10 దాకా నంబర్లున్నాయి. 0 బెస్టు. 1 పైన కుడి, 2 పైన ఎడమ. ఇలా బుద్ధిగా పోతూ పోతూ 5 దగ్గర ‘రైట్’ అంటుంది. 7 దగ్గర ‘సెంటర్ రైట్’ అంటుంది. రెండూ ఒకే చోటు! పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని 5ను అలాగే ఉంచారట. ఎవరా 5 రాసిన మహానుభావుడు? ఏ యూనివర్సిటీలో, ఏ థీసిస్ కోసం రాశాడు? రిటైరయ్యాడా, ఇంకా ఆ గ్రాఫే గీస్తున్నాడా? ఆయనొక్కడి కోసం ప్రపంచమంతా ఈ జాబితాను మోస్తోంది. పోనీ న్యాయంగా ఎడమవైపుకూ రెండు పేర్లిచ్చారా? ‘లెఫ్ట్’ అని రాస్తే ఎర్రర్! ‘సెంటర్ లెఫ్ట్’ అంటేనే ఒప్పుకుంటుంది. మన వామపక్షాల వాళ్లు ఇంకా గమనించినట్టు లేరు, గమనిస్తే ఈపాటికి ధర్నాచౌక్‌లో టెంటు పడేది.

అసలు బయటికే గెంటేద్దామని 1.05 అని రాసి గ్రాఫు అవతల నిలబెట్టాను. కోడ్ రాసే నోట్‌బుక్‌లో ముచ్చటగా కనబడింది. సేవ్ చేసి మేనేజరుకు పంపితే సగం డబ్బా హాంఫట్. సేవ్ చేసేటప్పుడు ‘టైట్’ అని ఇంకో ముక్క తగిలించాలట! మేనేజరు ఫోన్ చేసి, “బాబూ, ఆ ఎర్ర గీతేంటి?” అన్నాడు. ఆ ‘టైట్’ తగిలించి మళ్లీ పంపాను. డబ్బా మొత్తం వచ్చింది, ఎర్ర గీత పేరుతో సహా. మళ్లీ ఫోను. “అన్నీ బావున్నాయి గానీ, ఆ ఎర్ర గీతేంటి?”

ఈ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను రాసిన జాన్ హంటర్ నాడీశాస్త్ర పరిశోధకుడు. మూర్ఛ రోగుల మెదడులో పుట్టే విద్యుత్ సంకేతాలను తెర మీద చూసే పనిలో ఉండగా తయారుచేసుకున్న పనిముట్టు ఇది. 2003లో అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. 2012లో క్యాన్సర్‌తో పోయాడు, 44 ఏళ్లకే. ఆయన అలా మెదడు గీతల కోసం కట్టిన దానిమీద నేను జూన్ అమ్మకాలు గీసుకుంటూ, పైసా ఇవ్వకుండా, రోజూ తిట్టుకుంటున్నాను.

తిట్లు ఆపలేదు లెండి. లెజెండునే తీసేసి, ప్రతి గీత చివరా దాని పేరు రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు పేర్లు ఒకదాన్నొకటి తొక్కుతున్నాయి.