రెండో పద్దు ఏదీ?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2020 డ్రాఫ్ట్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ 21వ వంతులో, బంతి పట్టే వైడ్ రిసీవర్ జేలెన్ రేగర్‌ను ఎంచుకుంది. వదిలేసిన జస్టిన్ జెఫర్సన్‌ను 22వ వంతులో మిన్నెసోటా వైకింగ్స్ ఎగరేసుకుపోయింది. తొలి సీజన్‌లో జెఫర్సన్ 1,400 గజాలు, రేగర్ 396. అభిమానుల పంచాయితీ నేటికీ తెగలేదు. విసిరేవాడు సరిగ్గా విసరకపోతే పట్టేవాడేం చేస్తాడని రేగర్ తరఫు వకాల్తా. కాదనలేం, ఆ ఏడు జట్టే 11 మ్యాచ్‌లు ఓడింది. కానీ మరుసటి ఏడు విసిరే చెయ్యి మారినా రేగర్ 299కి దిగజారాడు. న్యూయార్క్ జెయింట్స్‌పై ఆఖరి నిమిషంలో, గోల్ గీత దగ్గర, చేతికందిన బంతే జారిపోయింది, 13-7తో ఓటమి. 2022లో ఆయన్ను ఎవరికి సాగనంపారంటారా? వైకింగ్స్‌కే!

కాబట్టి ఎంపిక దండగే, ఒప్పుకుందాం. అయితే ‘మేం ఆనాడే చెప్పాం’ అని జబ్బలు చరుచుకునేవారు చిట్టాలో రెండో పద్దు కూడా చూపాలి. అదే డ్రాఫ్ట్‌లో 53వ వంతులో జేలెన్ హర్ట్స్‌ను తీసుకుంటే, బంతి విసరడానికి ఉన్న క్వార్టర్‌బ్యాక్ చాలడా అని చాలామంది తలబాదుకున్నారు. ఆ హర్ట్సే 2025లో సూపర్‌బౌల్ గెలిపించి, ఆ మ్యాచ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఫలించిన జోస్యాన్ని మైకులో చెప్పి, బెడిసిన జోస్యాన్ని జేబులో దాచుకోవడం జ్ఞానం కాదు. జట్టు తన తప్పును వైకింగ్స్‌కి పంపేసింది. అభిమాని తన తప్పును ఏ జట్టుకు పంపుతాడో!