పాత టాటా ఏస్ కొనేవారికి కొన్ని ఉచిత సలహాలు

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లకండి. అమ్మేవాడు ఇబ్బంది పడతాడు. రాత్రంతా చల్లబడిన ఇంజను అప్పటికింకా దగ్గుతూ, నీలం పొగ కక్కుతూ ఉంటుంది. దాన్ని వేడిచేసి, పొగ వదిలించి, తడిగుడ్డతో తుడిచి మీ ముందు నిలబెట్టడానికి ఆయనకూ టైం కావాలి కదా. పదకొండు గంటలకు వెళ్తే మర్యాదగా ఉంటుంది. సీటెత్తి ఇంజను మీద చెయ్యి పెట్టి చూడకండి. చెయ్యి కాలుతుంది, పైగా మీరు ఆయన్ని నమ్మడం లేదనుకుంటాడు.

బ్రోకరు చెప్పేది పూర్తిగా వినండి. "సింగిల్ ఓనర్ బండన్నా. ఊదుబత్తీల డబ్బాలు తప్ప ఇంకోటి ఎయ్యలేదు. గాడి చెన్నాగిదె (బండి బాగుంది)" అంటాడు. నమ్మండి. తలుపు సందుల్లో, డాష్‌బోర్డు స్క్రూల చుట్టూ ఎర్రదుమ్ము గట్టిగా పేరుకుని ఉంటుంది. బళ్లారి జిల్లా సండూరు, తోరణగల్లు దారుల్లో ఇనుప ఖనిజం లారీల వెనక తిరిగిన బండ్లకు వచ్చే రంగది. ఊదుబత్తీలకు ఆ వైపు గిరాకీ ఎక్కువేమో!

ఈ దుమ్ము మీద అనవసరంగా భయం పెంచుకున్నవాళ్లు ఎయిర్ ఫిల్టర్ మారుస్తుంటారు. మీరా ఖర్చు పెట్టుకోకండి. ఫిల్టరు తీసి టైరుకేసి నాలుగు దెబ్బలు కొట్టి మళ్లీ బిగించండి. కాగితం ఎక్కడో చిరుగుతుంది, ఆ చిరుగులోంచి ఖనిజం పొడి సిలిండర్లలోకి పోతుంది, పిస్టన్ రింగుల్నీ బోరునూ గరుకుకాగితంలాగా అరగదీస్తుంది. ఆ తర్వాత కంప్రెషన్ పడిపోతుంది, పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా బండి లేవదు, వారానికో లీటరు ఆయిలు తాగుతుంది. ఫిల్టరు మీద మిగిల్చిన కొన్ని వందలు మాత్రం మీ జేబులోనే ఉంటాయి.

మీ వెంట వచ్చిన మేస్త్రీ అతిగా తెలివైనవాడైతే ఇంజను నడుస్తుండగానే ఆయిలు పోసే మూత విప్పుతాడు. అక్కణ్నించి పొగ గుప్పుగుప్పున తంతే రింగులు పోయినట్టు. మూత లోపలివైపు మీగడ రంగు జిడ్డు అంటుకుని ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నట్టు, అంటే చాలాసార్లు హెడ్ గాస్కెట్ పోయినట్టు. తర్వాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపుతాడు. టకటకమంటే కింగ్ పిన్నో, వీల్ బేరింగో అరిగిందన్నమాట. మొదటి గేరు వేసి క్లచ్ వదలగానే కిందనుంచి 'టక్' అని వినబడితే షాఫ్టు క్రాస్ పోయింది. ఇలాంటి మేస్త్రీలను వెంట తీసుకెళ్తే బేరాలు చెడిపోతాయి. బ్రోకరు సొంత మేస్త్రీనే పిలిపించుకోండి. ఆయన టైరును కాలితో ఒక్క తన్ను తన్ని "ఏం ఆలోచించొద్దన్నా, తీసుకో" అంటాడు.

నీళ్ల విషయం. సీటు కింద ఇంజను, బయట నలభై దాటిన బళ్లారి ఎండ. రేడియేటర్లో కూలెంటు పొయ్యాలని కంపెనీ పుస్తకంలో ఉంటుంది. పక్కనే బోరు ఉండగా ఎవరైనా కూలెంటు కొంటారా? బోరు నీళ్లే పొయ్యండి. ఆ ఉప్పు రేడియేటరు గొట్టాల్లో గారకట్టి దారి మూసేస్తుంది. బండి వేడెక్కితే మేస్త్రీ థర్మోస్టాట్ వాల్వు పీకి అవతల పారేస్తాడు, కొన్నాళ్లు చల్లగానే నడుస్తుంది. మళ్లీ వేడెక్కాక పీకడానికి ఏమీ మిగలదు కాబట్టి హెడ్డు విప్పుతాడు. హెడ్డు వంకరపోతే లేత్ షాపు ఉండనే ఉంది.

ఇక అసలు సంగతి, లోడు. 2005లో ఏస్ వచ్చినప్పుడు అది రెండు సిలిండర్ల, 702 సీసీ, 16 హార్స్‌పవర్ డీజిల్ బండి. మోసేది 750 కిలోలు. సిరుగుప్ప వడ్ల లెక్కలో చెప్పాలంటే 75 కిలోల బస్తాలు పదంటే పది. పది బస్తాలకు బాడుగ మాట్లాడేవాడు ఈ జిల్లాలో బాడుగకు బతకలేడు. కాబట్టి ఇరవై వెయ్యండి. బాడీ కిందికి కుంగితే కమాను కట్టల్లో ఇంకో రెండు పట్టీలు బిగించమనండి. బండి వెనకభాగం గర్వంగా పైకి లేస్తుంది. బ్రేకులు మాత్రం 750 కిలోల బండివే. యాక్సిల్, బేరింగులు, పన్నెండంగుళాల టైర్లు కూడా అంతే. పట్టీలు వేసినందువల్ల వాటి బలం పెరగదు, వాటి మీద బరువు పెరుగుతుంది. ఏదో ఒకనాడు చాసిస్ చీలుతుంది. దానికి వెల్డింగు పెట్టించి, నల్ల రంగు పూయించి, మీరూ ఎవరో ఒకరికి అమ్మేటప్పుడు అటువైపు నిలబడండి.

పాత బండి కొనడమంటే పాత ఓనరు వేసిన లోడ్లన్నీ కొనడమే. బళ్లారి కౌల్ బజార్ నుంచి పోయిన జీన్స్ మూటలు, సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలోని బ్యాడగి మార్కెట్‌కు మోసుకెళ్లిన మిరపకాయలు, ఎవరిదో గృహప్రవేశానికి తోలిన గ్రానైటు. ఆ బాడుగలన్నీ ఆయన తినేశాడు. అరుగుదల మీకు రాసిచ్చాడు.

పట్టుబడితే ఏం చెయ్యాలంటారా? 2019 సవరణ తర్వాత అధిక లోడుకు చట్టంలో ఉన్న జరిమానా 20,000 రూపాయలు, పైన టన్నుకు 2,000. ఒక్క బాడుగలో రాబట్టుకోవాలంటే బస్తాలు ఇంకా పెంచాల్సిందే.

సరిహద్దులో పుట్టినందుకు మనకు దక్కే అదనపు సుఖం కాగితాల్లో ఉంది. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరుకు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. గీత గీసినవాళ్లకు టాటా ఏస్ సంగతి తెలియదు పాపం. బ్రోకరు బళ్లారి కేఏ 34 బండి కంటే అనంతపురం ఏపీ 02 బండి చవకన్నా అంటాడు. వెంటనే అడ్వాన్స్ ఇచ్చేయండి. ఎందుకు చవకో తర్వాత తెలుస్తుంది. అనంతపురం వైపు నుంచి ఎన్‌ఓసీ తేవాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే ఆ కంపెనీ నుంచి వేరే కాగితం. ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచుకుంటే కొత్త నంబరు వేయించుకోవాలని చట్టం, దానితోపాటు ఇక్కడి టాక్సు. మూడు టన్నుల లోపు గూడ్సు బండికి పర్మిట్ అక్కర్లేదన్నది ఒక్కటే చట్టం మనకు చేసిన మేలు. అది కూడా తెలియనట్టే ఉండండి, పర్మిట్ ఇప్పిస్తానని ఎవరో ఒకరు కాస్త సంపాదించుకుంటారు.

డీజిల్ కర్ణాటకలో చవక. గీత దాటగానే 'కర్ణాటక రేటు' అని తెలుగులోనే బోర్డులుంటాయి, అవతలి బండ్లు వచ్చి ట్యాంకు నింపుకుని పోతుంటాయి. లీటరు మీద మిగిలేదాని కోసం ఆలూరు నుంచి ఖాళీ బండి తోలుకొచ్చేవాళ్లను ఆదర్శంగా తీసుకోండి. రానూ పోనూ తాగిన డీజిల్ లెక్కలో రాయకూడదు.

అసలు లెక్కే రాయకూడదు. బండి లక్షా ఎనభైకి కుదిరిందనుకుందాం, ఆ అంకె ఒక్కటే గుర్తుంచుకుని భార్యకు చెప్పండి. టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేటు, అరిగిన బ్రేకు లైనర్లు దాని తర్వాత ఒక్కొక్కటే ఇంటికొస్తాయి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2022 జూన్ రేటు ప్రకారం పన్ను కాక 16,049 రూపాయలు. ఏడున్నర టన్నుల వరకు అన్నిటికీ ఒకే రేటు కాబట్టి మన ఏస్ ఈ ఒక్కచోట పెద్ద బండ్ల సరసన తలెత్తుకుని నిలబడుతుంది.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండి దొరికితే మరీ అదృష్టం. దానికి సెన్సార్లుంటాయి, స్పానర్‌తో మాట వినవు. డాష్‌బోర్డు మీద పసుపు ఇంజను బొమ్మ వెలిగితే స్కానరున్న చోటికి పోవాలి. లేదా దాని మీద అంగుళం నల్ల టేపు అంటించాలి. రెండోది చవక.

చివరగా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా తప్పదు. ముందురోజు రేడియం స్టిక్కర్లు అంటించండి, అదనపు పట్టీలు విప్పించండి, స్నేహితుడి బండి నుంచి నాలుగు మంచి టైర్లు అడిగి తెచ్చుకోండి, ఇండికేటర్లు నాలుగూ వెలిగేలా చూడండి. ఆ రోజు హారన్ మోగాలి, హ్యాండ్ బ్రేక్ పట్టాలి, తొక్కితే బండి నిలబడాలి. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ మీ ఇష్టం.