సెటిల్‌మెంటు సంజీవని

మూలం:

సులభ మిచట మీకు సొమ్ము లందుకొనుట
క్షణములోనె చేరు ఖాతలోకి
రుసుము నూటి కొక్క రూపాయె మొదలుగా
షరతు లున్న వేమొ చదువకండి

అవతారిక: మంగళగిరి చేనేత చీరలు అమ్ముకునే మా మరదలు మొదటి పేమెంట్ గేట్‌వేతో చెడి, రెండోదాన్ని వెతుకుతున్న సమయమది. వెతుకుతోందన్న సంగతి ఎలా పొక్కిందో గానీ ఫోన్లు మొదలయ్యాయి. అందులో ఒక కంపెనీ కుర్రవాడు ఊపిరి తిప్పుకోకుండా చెప్పిన మాటల సారమే పై ఆటవెలది. ఛందస్సు మాది, భావం అతనిది. నాలుగో పాదం మాత్రం అతను నోటితో అనలేదు. అక్కడికొచ్చేసరికి వేగం పెంచి స్ఫురింపజేశాడు. ధ్వనికావ్యమన్నమాట.

కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ ప్రాంతపు కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆ మహానుభావుడు ప్రతిజ్ఞ పట్టాడు. అందులో మొదటి సగం మేమూ పాటిస్తాం. రెండో సగం పాటిస్తే ఈ వ్యాఖ్యే పుట్టదు.

ప్రతిపదార్థం: ఇచట, మీకు, సొమ్ములు, అందుకొనుట – ఇవి సుగమాలు. పిల్లలు కూడా చెబుతారు, వదిలేశాం.

సులభము = పాన్ కార్డు, రద్దు చేసిన చెక్కు, ఉద్యం సర్టిఫికెట్, ఉంటే జీఎస్టీ నంబరు, వెబ్‌సైటులో రిఫండ్ పాలసీ, ప్రైవసీ పాలసీ, నిబంధనలు, చిరునామా పేజీలు. ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టి వాట్సాప్‌లో బేరమాడే మనిషి. ప్రైవసీ పాలసీ ఎక్కణ్ణుంచో దించి అతికించింది. అందులో చీరల ఊసు లేదు, జిమ్ సభ్యత్వం గురించి ఉంది. పరిశీలకులు చదివి ఆమోదించారు.

క్షణములోనె: ఈ పదం దగ్గర కాసేపు ఆగక తప్పదు. కాలాన్ని కొలవడంలో అమరకోశం రాసిన అమరసింహుడంత నిక్కచ్చి మనిషి లేడు. పద్దెనిమిది రెప్పపాట్లు ఒక కాష్ఠ, ముప్పై కాష్ఠలు ఒక కళ, ముప్పై కళలు ఒక క్షణం, పన్నెండు క్షణాలు ఒక ముహూర్తం, ముప్పై ముహూర్తాలు ఒక అహోరాత్రం. గుణించి చూడండి, క్షణమంటే సరిగ్గా 4 నిమిషాలు. నాలుగు నిమిషాల్లో ఏం చేయవచ్చు? చీర మడత విప్పి, అంచు చూపించి, మళ్లీ మడత పెట్టవచ్చు. రెప్పపాటుతో మొదలుపెట్టడంలో ఉన్న సొగసు చూడండి. కొలబద్ద ఎవరి ముఖాన వాళ్లకే ఉంది, కంపెనీ చేతిలో లేదు. పద్దెనిమిది అనే అంకె దగ్గర మాత్రం మనసు చివుక్కుమంటుంది, జీఎస్టీ గుర్తొచ్చి. అమరుడు దాన్ని రెప్పలకు వాడాడు, మనవాళ్లు రుసుం మీద వాడారు.

ఎక్కడున్నాం? గేట్‌వే క్షణం దగ్గర. ఒప్పందంలో దాన్ని టీ ప్లస్ టూ అంటారు. లావాదేవీ జరిగిన రోజుకు రెండు పనిదినాలు కలపాలి. తక్కువలో తక్కువ 720 అమరక్షణాలు. శనివారం రాత్రి అమ్మిన చీరకు ఆదివారం లెక్కలోకి రాదు. నిజంగా వెంటనే కావాలంటే ఇన్‌స్టంట్ సెటిల్‌మెంట్ అని వేరే పథకం, వేరే రుసుం. కనుక పద్యంలోని క్షణం కవిసమయం. చకోరం వెన్నెల తాగినట్టే ఇదీ.

ఈలోగా డబ్బు ఎవరి దగ్గరుంటుంది? రిజర్వ్ బ్యాంకు 2020 మార్చి 17న మార్గదర్శకాలు ఇస్తూ రెండు జాతులను విడదీసింది. డబ్బు ముట్టకుండా సాంకేతిక దారి మాత్రం చూపేది గేట్‌వే. వ్యాపారుల తరఫున డబ్బు పుచ్చుకొని, బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో ఉంచి, ఆపైన పంచేది అగ్రిగేటర్. చిన్న వ్యాపారికి గేట్‌వే పేరుతో ఎదురయ్యేవాళ్లలో చాలామంది నిజానికి రెండో జాతివాళ్లు. అంటే మన డబ్బు రెండు రోజులు వాళ్ల చేతి మీదుగా నడుస్తుంది. కాబట్టి రేటు అడిగే ముందు రిజర్వ్ బ్యాంకు అనుమతుల జాబితాలో ఆ పేరుందో లేదో చూడాలి. ఈ వాక్యంలో శ్లేష లేదు.

రుసుము... మొదలుగా: ఈ 'మొదలుగా' చాలా గర్భవతి. కార్డు మీద రెండు శాతమనుకుందాం, సాధారణంగా వినబడే రేటు అదే. 3,000 రూపాయల చీరకు రుసుం 60, దాని మీద 18 శాతం జీఎస్టీ 10 రూపాయల 80 పైసలు. చేతికొచ్చేది 2,929.20. అమెరికాలో ఉన్న తెలుగమ్మాయి అక్కడి కార్డుతో కొంటే రేటు ఇంకో మెట్టెక్కుతుంది. ఇక యూపీఐ, రూపే డెబిట్ కార్డుల మీద 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్, అంటే వ్యాపారి కట్టే రుసుం, సున్నా. సున్నా మీద ఎలా వసూలు చేస్తారు? ప్లాట్‌ఫారం ఫీజు అని పేరు మార్చి, కొందరు చేస్తారు. ఊళ్లో కొనేవాళ్ల కోసం బ్యాంకు క్యూఆర్ కోడ్ అంటించుకుంటే ఆ బాధ ఉండదని మరదలే కనిపెట్టింది, మా పాండిత్యం అవసరపడలేదు.

షరతులు: ఒప్పందం చదివాక మాకు పరవస్తు చిన్నయసూరి మీద గౌరవం పదింతలైంది. 1858 నాటి బాలవ్యాకరణంలో ఆయన కొన్ని సూత్రాలకు బహుళం అన్నాడు. బహుళమంటే నాలుగు తీర్లు: ఒకచోట కార్యం తప్పకుండా జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట మన ఇష్టం, ఒకచోట వేరే ఏదో జరుగుతుంది. అత్వసంధి ఇలాంటిది. మేనల్లుడు అనవచ్చు, మేనయల్లుడు అనవచ్చు. కానీ ఒక, ఒక కలిస్తే 'ఒకానొక' అవుతుంది. మధ్యలో ఆ దీర్ఘం, ఆ నకారం ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి? అడగకూడదు, బహుళం. స్కూల్లో ఇది వినగానే మాకు ప్రాణం లేచొచ్చింది, ఏం రాసినా తప్పు కాదని. మా తెలుగు మాస్టారు బెత్తంతో ఆ వ్యాఖ్యానాన్ని ఖండించారు. బహుళం ఇష్టారాజ్యం కాదట. కవులు వాడగా వాడగా స్థిరపడ్డ రూపాలను చూసి, వాటికి చోటిస్తూ వ్యాకర్త తల వంచడమట. ముందు ప్రయోగం, తర్వాత సూత్రం.

ఒప్పందంలో ఇది తలకిందులైంది. చీర వెనక్కి వస్తే కొన్నవాళ్లకు 3,000 పూర్తిగా తిరిగివ్వాలి. కంపెనీ పట్టుకున్న 70.80 సాధారణంగా తిరిగి రాదు. నెలాఖరు లెక్కలో అడ్జస్ట్‌మెంట్ అని కొత్త పద్దు కనిపిస్తుంది. అదీ ఒకానొక నకారమే. ఇక్కడ వాడుకను చూసి తల వంచేది సూత్రకర్త కాదు, మా మరదలు.

అసలు కోపం వీటి మీద కాదు, అరవై రూపాయలు పోతే పోనీ. నిరుడు దసరా ముందు ఆమె చీరలు బాగా అమ్ముడుపోయాయి. మొదటి కంపెనీ యంత్రం దాన్ని అసాధారణ లావాదేవీల కింద పసిగట్టి సెటిల్‌మెంట్లు ఆపేసింది. పండక్కి చీరలు కొనడం అసాధారణమట! డబ్బు ఎవరూ తినలేదు, తెర మీద అంకెగా కనబడుతూనే ఉంది. కానీ శనివారం వచ్చింది. మగ్గం దిగి కూలికోసం వాకిట్లో నిలబడ్డ మనిషికి రిస్క్ రివ్యూ నడుస్తోందని ఏ భాషలో చెప్పాలి? ఆమె గాజులు కుదువపెట్టి కూలి ఇచ్చింది. ఈమెయిల్‌కు మాత్రం జవాబు నిమిషంలో వచ్చింది, మీ సహనానికి ధన్యవాదాలని. దీనికి టీక రాయడం మా వల్ల కాదు.

అలంకారం: 'ఉన్నవేమొ' అనడంలో సందేహాలంకారం. షరతులు రాసినవాడికే అవి ఉన్నాయో లేదో తెలియనట్టు నటించడం వల్ల విశేష శోభ.

పాఠాంతరం: 'చదువకండి' అన్నచోట 'చదువుకొండి' అని కొందరి పాఠం. గణాలు, యతి రెండింటా సరిపోతాయి కనుక ఛందస్సు మనకు సాయపడదు. రిజర్వ్ బ్యాంకు వారిది రెండో పాఠం. ఫోన్ చేసే కుర్రవాళ్ల శాఖలో మొదటిదే ప్రచారంలో ఉంది.

మరదలికి ఈ చర్చ పట్టలేదు. "మీ టీక సరే బావగారూ, కాస్త ఆగండి" అని ఫోన్ స్పీకర్లో పెట్టింది. "బాబూ, రేటు సంగతి తర్వాత. డబ్బు ఆగిపోతే ఏ నంబరుకి చేయాలి?"

"టికెట్ రేజ్ చేయండి మేడమ్, మా టీమ్ చూసుకుంటుంది."

"టీమ్‌లో ఎవరు?"

ఇక్కడ గ్రంథపాతం.