మద్దెల ఎంపిక: పోటీ పిస్టల్ కొనేవారికి చిట్కాలు

ఆడలేక మద్దెల ఓడు అన్నారు. జనం దాన్ని వెక్కిరింపు అనుకుంటారు గానీ, అది కొనుగోలు సూత్రం. మద్దెల ఎంత ఖరీదైతే సాకు అంత గట్టిగా నిలబడుతుంది. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ కొనబోతున్నారా? ఈ మెట్లు వరసగా ఎక్కండి.

1. మొరీని, స్టెయిర్, వాల్తెర్, పార్దీని, ఫైన్‌వెర్క్‌బావ్. ఈ అయిదు పేర్లూ తడబడకుండా పలకడం నేర్చుకోండి. సగం షూటర్ అయిపోయినట్టే. ధర లక్షల్లో ఉంటుంది, ఇంట్లో మాత్రం ఒక సున్నా తగ్గించి చెప్పండి.

2. రేంజ్‌లో ఉన్న పిస్టల్‌తోనే కొన్నాళ్ళు కాల్చి చూడమని కోచ్ సార్ అంటారు. తలూపి తప్పించుకోండి. నాలుగు రకాలు పట్టి చూస్తే చేతికి ఏది కుదురుతుందో తెలిసిపోతుంది. తెలిసిపోయాక ఇంక దేన్ని తిట్టుకుంటారు?

3. గ్రిప్పు దగ్గర తొందరపడాలి. పనిలేనివాళ్ళు పిస్టల్ పట్టుకుని, కళ్ళు మూసుకుని చెయ్యెత్తి, కళ్ళు తెరిచి చూస్తారు. ముందు సైటు వెనక సైటు గాడి నడిమధ్య నిలిస్తే గ్రిప్పు కుదిరినట్టు. పక్కకు పోతే ఆకురాయితో గీకుతారు, పుట్టీ పెడతారు, మళ్ళీ గీకుతారు. వారాల తరబడి ఇదే వడ్రంగం. మీరు కళ్ళు మూసుకుని ఎల్ సైజు తీసుకోండి. వేలు ట్రిగ్గర్‌ను సరిగా అందుకోదు, నొక్కినప్పుడల్లా గొట్టం పక్కకు జరుగుతుంది. పది వలయం అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. గుండు ఏడులో పడగానే గ్రిప్పును ఎగాదిగా చూసి తల అడ్డంగా ఆడించండి. ఇది అద్దం ముందు రోజూ సాధన చెయ్యండి. గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన, డ్రై ఫైరింగ్, ఎలాగూ చెయ్యరు కాబట్టి టైముకు లోటు లేదు.

4. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఆపాలన్నది నిబంధన. 450కి తిప్పుకోండి. పోటీ అయ్యాక తనిఖీకి పిలిచి బరువు తగిలిస్తే ట్రిగ్గర్ జారుతుంది, మిమ్మల్ని తీసేస్తారు. మీ స్కోరు ఎవరికీ గుర్తుండదు. ‘టెక్నికల్ కారణం’ అన్న మాట జీవితాంతం మీదే.

5. ఎలక్ట్రానిక్ ట్రిగ్గరే కొనండి. బ్యాటరీ ఉన్నచోట సాకుకు కరువుండదు. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించింది. బోలెడు టైము పోయి, 575తో 12వ స్థానంలో ఆగారు. అక్కడితో ఊరుకుంటే మనకు కులదైవం అయ్యేవారు. ఊరుకోలేదు, 2024లో పారిస్ వెళ్ళి రెండు కాంస్యాలు తెచ్చి మన వాదనంతా పాడుచేశారు. మన హైదరాబాదీ ఈషా సింగ్ కూడా అంతే, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏకంగా నాలుగు పతకాలు. ఇలాంటి పేర్లు రేంజ్‌లో ఎత్తకండి. ఇక ఆ టర్కీ పెద్దమనిషి యూసుఫ్ డికెచ్, మామూలు కళ్ళజోడుతో, జేబులో చెయ్యి పెట్టుకుని రజతం కొట్టిన ఫొటో ఉంది చూశారూ, షూటింగ్ కళ్ళద్దాలకు డబ్బు అడిగేదాకా అది మీ ఆవిడ కంట పడకూడదు.

6. పెల్లెట్లు అన్నిటికన్నా చవకవి కొనండి.

7. సిలిండర్‌లో 200 బార్ల దాకా గాలి నింపుకోవచ్చు. గేజీ ఉంటుంది, దానివంక చూడకండి. 60 గుండ్లకు 75 నిమిషాలు ఇస్తారు. ఏ నలభయ్యో గుండు దగ్గరో గాలి పలచబడి గుండ్లు కిందికి దిగడం మొదలవుతుంది. ఆ క్షణాన జనం వైపు తిరిగి నవ్వండి.

ఇవన్నీ నేను స్వయంగా ఆచరించి చెబుతున్నవే. మా బావమరిది మాత్రం రేంజ్‌లో పడున్న పాత పిస్టల్‌తో 550 దాటాడు. వాడితో మాటలు లేవు.

నా పిస్టల్ అమ్మకానికి ఉంది. ఎల్ సైజు గ్రిప్పు, పెట్టె, తాళంచెవి అన్నీ భద్రం. రెండు వందల గుండ్లు కూడా కాల్చలేదు.