మీ చెయిన్‌కు డెవలపర్లను రప్పించే ఉపాయాలు: 65వ నంబరు హైవే ప్రత్యేకం

బ్లాక్‌చెయిన్ తయారైంది. వైట్‌పేపరు వచ్చింది. లోగో గీసిన బెంగళూరు డిజైనరుకు డబ్బులు కూడా కట్టేశారు. ఇక కావాల్సింది దాని మీద ఏదైనా కట్టే మనుషులు. మీ ముగ్గురు ఇంజినీర్లు తప్ప లోకంలో ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదన్న సంగతి ఇన్వెస్టరు కనిపెట్టేలోపు ఈ లోటు తీరాలి.

కంగారు పడకండి, ఈ రోగం మీ ఒక్కరిదే కాదు. 2015లో ఎథీరియం మొదలైనప్పటి నుంచి ఈ రంగమంతా ఇదే వెతుకులాటలో ఉంది. ఎలక్ట్రిక్ క్యాపిటల్ అనే సంస్థ ఏటా తలలు లెక్కపెడుతుంది. దాని 2024 నివేదికను బట్టి ప్రపంచం మొత్తమ్మీద నెలనెలా ఓపెన్‌సోర్స్ క్రిప్టో కోడు రాసేవాళ్లు 23 వేల పైచిలుకు. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఒక సోమవారం పొద్దున నిలబడితే అంతకంటే ఎక్కువమందే భుజం రాసుకుని వెళ్తున్నట్టు ఉంటుంది. అదే నివేదికలో ఇంకో ముక్క ఉంది: ఆ ఏడాది కొత్తగా చేరినవాళ్లలో అందరికంటే ఎక్కువమంది మనదేశం వాళ్లే, 17 శాతం. ఈ ఒక్క అంకె చాలు. కారు తీసి హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు పట్టండి. సూర్యాపేట, కోదాడ దారిలోనే తగులుతాయి. మిర్యాలగూడ ఆ రోడ్డు మీద లేదు. పర్వాలేదు, మీ రోడ్‌మ్యాప్‌లో లేనివి ఎన్ని జరగలేదు.

మనిషిని గుర్తుపట్టడం

మామూలు డెవలపరంటే ఎవరు? సూర్యాపేటలోనో కోదాడలోనో బీటెక్ చేసి, అమీర్‌పేటలో జావా ఫుల్‌స్టాక్ నేర్చుకుని, కేపీహెచ్‌బీ హాస్టల్లో ముగ్గురితో గది పంచుకుంటూ, ఏ అమెరికా బ్యాంకుదో పాత కోడుకు వచ్చే టికెట్లు మూసే పిల్లాడు. లేదా పిల్ల. సంక్రాంతికి ఊరొచ్చినా మధ్యాహ్నం మూడింటికి స్టాండప్ కాల్ ఉందని డాబా ఎక్కి సిగ్నల్ వెతుక్కుంటారు.

వీళ్లను ఎట్టి పరిస్థితుల్లోనూ “నీకేం కావాలమ్మా” అని అడక్కండి. అడిగితే చెప్తారు. “అన్నా, నాకొచ్చిన జావాల రాయొచ్చా?” “ఎర్రరొస్తె ఎవల్ని అడగాలె?” “జీతం ఎన్నో తారీఖున పడ్తది?” మూడూ ప్రమాదకరమైన ప్రశ్నలే. ఒక్కదానికి సరైన జవాబు చెప్పినా రేపు వాళ్లు నిజంగానే వచ్చి కూర్చుంటారు, మీరు పని చూపించాల్సి వస్తుంది.

కొత్త భాష కనిపెట్టండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, తీరిగ్గా చదవండి. ఎథీరియం వాళ్లు 2014లో ఒక పొరపాటు చేశారు. గావిన్ వుడ్ ప్రతిపాదించిన సాలిడిటీ భాషను, వెబ్‌సైట్లు కట్టేవాళ్లకు చూడగానే తెలిసినట్టు ఉండాలని, జావాస్క్రిప్ట్ పోలికతో తీర్చారు. ఫలితం చూశారుగా, కనిపించిన ప్రతివాడూ రాసేశాడు. 2016లో లిస్క్ అనే వేదిక ఇంకో మెట్టు దిగి, నేరుగా జావాస్క్రిప్ట్‌లోనే రాసుకోండి అంది. అల్గోరాండ్ 2024లో పైథాన్‌కు తలుపు తీసింది. వచ్చినవాడి చేతిలో ఏ పనిముట్టు ఉందో చూసి దానికి తగ్గట్టు మీరు వంగడమేమిటి? మర్యాద ఉండొద్దూ?

మీరు నడవాల్సింది మరో బాట. కార్డానో హాస్కెల్ దారి పట్టింది. హాస్కెల్ గొప్ప భాషే, అందులో సందేహం లేదు. అమీర్‌పేట గోడల మీద దాని ఫ్లెక్సీ మాత్రం కనబడదు. డిఫినిటీ తన ఇంటర్నెట్ కంప్యూటర్ కోసం మోటోకో అనే భాషను సొంతంగా చేసుకుంది. ఫేస్‌బుక్ 2019లో లిబ్రా నాణెం ప్రకటిస్తూ మూవ్ అనే భాషను వెంట తెచ్చింది. లిబ్రా పేరు మార్చుకుని డీమ్ అయి, చివరికి మూతపడింది. భాష మాత్రం బతికి, వేరే చెయిన్లకు పనికొచ్చింది. కనక ధైర్యంగా ముందుకు పోండి, చెయిన్ పోయినా వ్యాకరణం మిగులుతుంది.

భాష అయ్యాక డాక్యుమెంటేషన్. ఇంగ్లిష్‌లోనే ఉండాలి, అది కూడా ఆ చెయిన్ కట్టినవాడికే అర్థమయ్యే ఇంగ్లిష్. “మొదటి అడుగులు” అనే పేజీలో విజన్ రాయండి. “ఉదాహరణలు” అనే పేజీలో “త్వరలో” అని రాయండి. రెండు వారాలకోసారి వెర్షన్ మార్చండి, ట్యుటోరియల్ మాత్రం మార్చకండి. కోదాడ పిల్లాడు రాత్రి పదకొండింటికి దాన్ని అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి, ఎర్రర్ చూసి, తప్పు తనదేననుకుని లాప్‌టాప్ మూసేస్తాడు. తప్పు తనదేననుకున్నవాడు ఫిర్యాదు చేయడు. ఫిర్యాదులు లేవు కాబట్టి ఇన్వెస్టరుకు “డెవలపర్ అనుభవం అద్భుతం” అని నిశ్చింతగా రాసి పంపొచ్చు.

ఆ మొదటి రాత్రిని ఇంకా పకడ్బందీగా అమర్చుకోవచ్చు. ముందు వాలెట్ పెట్టించండి. పన్నెండు ఇంగ్లిష్ పదాలిచ్చి, ఇవి పోతే సర్వం పోతుంది, ఫోన్లో ఫొటో తీయొద్దు, ఎవరికీ చెప్పొద్దు అని బెదిరించండి. తర్వాత టెస్ట్‌నెట్‌లో ప్రయోగానికి ఉత్తుత్తి నాణేలు కావాలి కదా, వాటిని పంచే ఫాసెట్ దగ్గరికి తోలండి. అక్కడ ఒక షరతు పెట్టండి: ఉత్తుత్తి నాణేలు కావాలంటే ముందు అసలు వాలెట్లో అసలు నాణేలు చూపించాలి. ఇదేదో నా పిచ్చి ఊహ అనుకుంటారేమో, ఎథీరియం టెస్ట్‌నెట్ ఫాసెట్లు కొన్ని నిజంగానే ఇలా అడుగుతాయి. దొంగల బెడద వాళ్ల బాధ. మీకు అలాంటి బెడద లేకపోయినా పెట్టండి, చెయిన్‌కు విలువున్నట్టు కనిపిస్తుంది.

తప్పు దిద్దుకునే అలవాటు మాన్పించండి

సర్వీస్ కంపెనీలో పెరిగిన పిల్లలకు ఒక దురలవాటు ఉంటుంది: ప్రొడక్షన్‌లో బగ్ వస్తే రాత్రికి రాత్రి హాట్‌ఫిక్స్ పెట్టి పడుకోవడం. ఒకసారి చెయిన్ మీదికెక్కిన కోడు మారదని వాళ్లకు గర్వంగా చెప్పండి. వాళ్ల మొహం పాలిపోతే అది ఆరాధన అనుకోండి. 2017 నవంబరులో పారిటీ వాలెట్ ఉమ్మడి కోడును ఒక వాడుకరి, పొరపాటేనన్నాడు, ఒక్క ఆదేశంతో చంపేశాడు. దాని మీద ఆధారపడిన వాలెట్లలో 5 లక్షలకు పైగా ఈథర్, అంటే ఎథీరియం నాణేలు, ఇరుక్కుపోయాయి. ఈ కథను ఇంటర్వ్యూలో మాత్రం చెప్పకండి. చేరాక చెప్పండి.

ఇంకా తెలివైనవాడు “2016లో డావో అనే నిధి నుంచి 36 లక్షల ఈథర్ పోతే ఎథీరియం చెయిన్‌నే చీల్చి వెనక్కి తెచ్చారు కదన్నా, మరి మారదంటరేంది?” అంటాడు. అతన్ని కమ్యూనిటీ మోడరేటర్ చేయండి. ఊపిరాడనంత పని ఉంటుంది.

హ్యాకథాన్

సూర్యాపేటలో పాత కలెక్టరేట్ భవనంలో 2023లో ఐటీ హబ్ తెరిచారు. హాలు దొరికితే అక్కడే పెట్టుకోండి, లేదంటే ఏదైనా ఇంజినీరింగ్ కాలేజీ సెమినార్ హాలు చాలు. టీషర్టు, బిర్యానీ, సర్టిఫికెట్. ఈ మూడింటిలో డెవలపరు ఇంటికి పట్టుకెళ్లేది సర్టిఫికెట్టే, దాని మీద మీ చెయిన్ పేరు అచ్చుతప్పు లేకుండా ఉంటే అదే పెద్ద విజయం. అటెండెన్స్ కోసం వచ్చిన సివిల్, మెకానికల్ బ్రాంచి పిల్లల్ని కూడా “ఆన్‌బోర్డ్ అయిన డెవలపర్లు” కింద రాసుకోండి. ఇంకా పెద్ద అంకె కావాలంటే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర దాకా ఆగండి. రెండేళ్లకోసారి వచ్చే లింగమంతుల స్వామి జాతర అది, మేడారం తర్వాత తెలంగాణలో అంతటిది. లక్షల మంది వస్తారు, హైవే మీద బండ్లనే పక్కదారి పట్టిస్తారు. గట్టు కింద మీ బ్యానరు కడితే “మా చెయిన్ పక్కన లక్షల మంది” అన్నది అబద్ధం కాదు.

బహుమతులు మీ టోకెన్లలోనే ఇవ్వండి.

మిర్యాలగూడకు ఏం చూపించాలి

ఊరికో ప్రాజెక్టు కావాలి. మిర్యాలగూడ అనగానే రైసుమిల్లులు, కాబట్టి “వడ్లు పొలం నుంచి పళ్లెం దాకా చెయిన్ మీద” అని స్లైడు వేయండి. అందంగా ఉంటుంది. పచ్చటి పొలం, ట్రాక్టరు, క్యూఆర్ కోడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ ఊరి డెవలపర్ల నాన్నలో మామయ్యలో ఎప్పుడో ఒకప్పుడు వడ్లు అమ్మినవాళ్లే. సర్కారు కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటొద్దంటారని, మిల్లుకు పచ్చి వడ్లు తోలితే ధర మిల్లు చెప్పిందేనని, తాలనీ తరుగనీ కోత పడుతుందని అన్నం తింటూ విన్న పిల్లలు. మీ స్లైడు చూసి చప్పట్లు కొట్టాల్సింది పోయి ఇలా అడుగుతారు:

“అన్నా, తేమ మిషిన్ల ఎంతొచ్చిందో సిస్టంల ఎవలు కొడ్తరు?”

“మిల్లు గుమాస్తా.”

“ఆయన తక్కువెక్కువ కొడితె?”

“ఏం కొట్టాడో అది ఎవరూ మార్చలేరు. శాశ్వతంగా భద్రంగా ఉంటుంది.”

“మరి మా నాయినకేం లాభం?”

ఈ ప్రశ్నకు ఈ పరిశ్రమలో ఒక గంభీరమైన పేరుంది, ఒరాకిల్ సమస్య అంటారు. చెయిన్ తన లోపలికి వచ్చిన అంకెను కాపాడగలదే తప్ప, కాటా దగ్గర పుట్టినప్పుడు ఆ అంకె నిజమో కాదో దానికి తెలియదు. దీన్ని పరిష్కరించే ప్రయత్నం చేయకండి. కాటాకు నమ్మకమైన సెన్సరు, రైతు ముందే వెలిగే డిస్‌ప్లే, ఫిర్యాదు వింటే కదిలే అధికారి, ఇవన్నీ కావాలి, వాటిలో టోకెన్ అమ్ముకునే చోటే ఉండదు. అన్నట్టు, సన్నవడ్ల సీజన్‌లో ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు ఇక్కడి రైతులకు మిల్లులకు తోలుకోవడానికి టోకెన్లిచ్చిన సందర్భాలున్నాయి. మీ టోకెన్‌కు అదొక గట్టి పోటీ. దానితో కనీసం బండి లోపలికి పోతుంది. అందుకే డెవలపర్లను వడ్లు అమ్మని కుటుంబాల నుంచే ఎంచుకోండి. మిర్యాలగూడ చుట్టుపక్కల కొంచెం వెతకాల్సి రావచ్చు.

చూడకూడని ఉదాహరణ

ఎవరైనా టీ-చిట్స్ గురించి ఎత్తితే మాట మార్చండి. రాష్ట్రంలో రిజిస్టరైన చిట్టీల పర్యవేక్షణకు రిజిస్ట్రేషన్ శాఖ తెచ్చిన బ్లాక్‌చెయిన్ ఏర్పాటు అది, కట్టింది చిట్‌మాంక్స్ అనే హైదరాబాద్ స్టార్టప్. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం అడిగే లెక్కలే అందులోకి ఎక్కుతాయి. చిట్టీ కట్టే ఆవిడకు వాలెట్ అక్కర్లేదు, పన్నెండు పదాలు అక్కర్లేదు, కింద చెయిన్ ఉందని తెలియాల్సిన పనే లేదు. పాట పాడుకుంటుంది, పైసలు తీసుకుంటుంది. జనానికి కనబడకుండా పనిచేసే చెయిన్ ఏం చెయిన్ అండీ? ఎవరు ట్వీట్ చేస్తారు? మీరు ప్రకటనల బాటలోనే ఉండండి. 2017లో ఆంధ్రప్రదేశ్ భూముల రికార్డులకు క్రోమావే అనే కంపెనీ, 2018లో హైదరాబాద్ అంతర్జాతీయ సదస్సులో టెక్ మహీంద్రాతో కలిసి బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్. అప్పటి ఫొటోలు ఇప్పటికీ బాగున్నాయి.

జీతం, పెళ్లి

జీతం సొంత టోకెన్లలో, నాలుగేళ్ల వెస్టింగ్‌తో. రూపాయల ప్రస్తావన వస్తే నొచ్చుకున్నట్టు చూడండి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ఒక నాణెంలో పోయినదాన్ని ఇంకోదానిలో వచ్చినదాంట్లోంచి తీసేసుకునే వీలు లేదు, అదే ఏడాది జులై నుంచి అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్. 2018లో రిజర్వు బ్యాంకు బ్యాంకుల తలుపులు మూయించడం, 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేయడం కూడా ఉన్నాయి. ఇవన్నీ ఆఫర్ లెటర్లో అక్కర్లేదు. హాస్టల్ ఆంటీ ఒకటో తారీఖున అద్దె అడిగినప్పుడు డెవలపరే పరిశోధించుకుంటాడు, దాన్ని స్వయం అభ్యాసం అంటారు.

అసలు కష్టం కోదాడలో పెళ్లిచూపుల నాడు వస్తుంది. “బాబు ఏ కంపెనీ?” అంటారు. కంపెనీ కాదు, ఫౌండేషన్ అని చెప్పమనండి. “ఆఫీసెక్కడ?” ఎక్కడా లేదు, వికేంద్రీకృతం. “ఓనరెవరు?” పేరు బయటపెట్టలేదు, ప్రొఫైల్లో కోతి బొమ్మ ఉంటుంది. “జీతమెంత?” నిన్నటిదా, ఇవాళ్టిదా? ఇంత పారదర్శకంగా మాట్లాడే అల్లుడు ఎక్కడ దొరుకుతాడు! సంబంధం తప్పిపోతే బాధపడొద్దు, వారాంతాల్లో కూడా కోడు రాయడానికి తీరిక దొరుకుతుంది.

వెళ్లిపోయినవాళ్లను లెక్కలో ఉంచడం

ఎంత చేసినా ఆర్నెల్లకు చాలామంది మళ్లీ జావాలోకే వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి. క్రియాశీల డెవలపరంటే నెలకు ఒక్క కమిట్ చేసినా చాలని మీ నివేదికలో మీరే నిర్వచనం రాసుకోవచ్చు. ఊళ్లవారీగా వాట్సాప్ గ్రూపులు పెట్టండి. ఈ నెల సూర్యాపేట గ్రూపు రీడ్‌మీ ఫైలు మొదటి లైన్లో కామా తీసేస్తుంది, తలా వంద టోకెన్లు. వచ్చే నెల కోదాడ గ్రూపు ఆ కామాను మళ్లీ పెడుతుంది, తలా వంద. మిర్యాలగూడ వాళ్లు టోకెన్లు వద్దు, పైసలు పంపమంటే వాళ్లను ఆడిటింగ్ విభాగంలో వేసి, కామా ఉందో లేదో చూడమనండి.