యలహంక జాగిలం: రక్షణ, పోషణ, దుప్పటి

వేటకుక్కను బయలులో క్షేమంగా, వెచ్చగా, సుఖంగా ఉంచడమనే విద్యకు యలహంకలో దొరికే మొదటి ఉదాహరణ ఒక పరాభవం. విజయనగర సామంతుడిగా యలహంకను ఏలిన మొదటి కెంపేగౌడ ఒకనాడు పరివారంతో, జాగిలాలతో హెసరఘట్ట దగ్గరి శివసముద్రం వైపు వేటకు వెళ్లాడట. అక్కడ ఒక కుందేలు వెనక్కి తిరిగి వేటకుక్కను తరిమిందట. అది చూసిన కెంపేగౌడ ఇది వీరభూమి అని తేల్చుకున్నాడు. 1537లో బెంగళూరు కోటకు పునాది పడింది. కుందేలుకు కీర్తి దక్కింది, గౌడకు నగరం దక్కింది. కుక్కకు ఏం దక్కిందో ఎవరూ రాసిపెట్టలేదు. తెలుగులో ‘గంగాగౌరీ విలాసం’ అనే యక్షగానం రాశాడని చెప్పుకునే ప్రభువుకు ఆ కుక్క పేరును ఒక ద్విపదలో ఇరికించడం పెద్ద పని కాదు.

ఇదే కథ హరిహర బుక్కరాయల పేరుతో హంపీలోనూ చెబుతారు. 1411లో అహ్మద్ షా కట్టించిన అహ్మదాబాదులోనూ చెబుతారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని సామెత. పట్టుబడని కుందేలుకు ఏకంగా మూడు రాజధానులు. మూడు చోట్లా పరుగెత్తింది కుక్కే. మూడు చోట్లా అదంతా భూమి మహిమ అన్నారు. అరికాల్లో ముల్లు దిగిందేమో, దాహమేసిందేమో, పొద్దున ఎవరైనా కడుపు పగిలేలా పెట్టారేమో అని అడిగినవాడు ఒక్కడూ లేడు. జాగిల సంరక్షణ అంటే, క్లుప్తంగా చెప్పాలంటే, ఆ కాలు ఎత్తి చూడటం.

కుక్క వైపు నుంచి చరిత్ర రాసినవాళ్లు బొత్తిగా లేకపోలేదు. మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన శాసనం ఇప్పుడు బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. తక్కోలం యుద్ధంలో రాష్ట్రకూట మూడో కృష్ణుడు చోళ రాజాదిత్యుణ్ని ఓడించిన కాలం నాటిది, అంటే 949 ప్రాంతానిది. ఆ యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుణ్ని గంగరాజు బూతుగుడు ఏం కావాలో కోరుకోమన్నాడు. అతను ఊళ్లూ అడగలేదు, బంగారమూ అడగలేదు. రాజుగారి జాగిలం ‘కాళి’ని అడిగాడు. తర్వాత ఒక అడవిపంది మీదికి ఉసిగొల్పితే కాళి దాన్ని చంపి తానూ చచ్చిపోయింది. దానికి రాయి నాటించి, మాన్యం ఇచ్చారు. ఆ రాతికి పూజ చేయకుండా భోంచేసే పూజారికి పాపం తగులుతుందని కూడా చెక్కించారు. పోయాక కుక్కకు జరిగిన మర్యాదల్లో ఇంతకు మించింది దొరకడం కష్టం. ఉండగా జరగాల్సింది మాత్రం ఒకటి మిగిలిపోయింది. పంది వేట నేటికీ సాగే దేశాల్లో కుక్క మెడకూ రొమ్ముకూ కోర దిగనంత మందపాటి కవచం తొడుగుతారు. పూజారి కంటే చొక్కా చౌక.

భారతదేశంలో ఈ కవచం అవసరాన్ని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తీసేసింది. తొమ్మిదో సెక్షను వేటను నిషేధిస్తుంది. పట్టుకోవడం, ఉచ్చు వేయడమే కాదు, వెంటాడి తరమడం కూడా చట్టం దృష్టిలో వేటే. ప్రయత్నించి విఫలమైనా నేరమే. 1537 నాటికి కుందేలుకు ధైర్యం ఒక్కటే తోడు. ఇప్పుడు పార్లమెంటు కూడా తోడుంది. కాబట్టి నేటి యలహంకలో వేటకుక్క అంటే వేట ఉద్యోగం పోయినా వేటగాడి ఒళ్లూ ముక్కూ కాళ్లూ మిగిలిన జీవి. బయలు అంటే లేఅవుట్‌లో ఇంకా ఇల్లు లేవని సైటు, చెరువు గట్టు, వారాంతపు తోట.

ఈ నిరుద్యోగుల్లో రకాలున్నాయి. బాగల్‌కోట జిల్లాకు చెందిన ముధోల్ జాగిలం చూపుతో వేటాడేది. సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే దీన్ని ఐదో జార్జికి బహూకరించాడు. 2005లో తపాలా బిళ్ల మీదికీ ఎక్కింది. బీగిల్‌ను ఇంగ్లండులో కుందేళ్ల కోసమే తయారుచేశారు. డాష్‌హుండ్ అంటే జర్మన్ భాషలో బ్యాడ్జర్ కుక్క, బొరియల్లో దూరి బ్యాడ్జర్ అనే జంతువును బయటికి లాగేది. యలహంకలో అది పదకొండో అంతస్తులో లిఫ్టు కోసం ఎదురుచూస్తూ కనిపిస్తుంది. లాబ్రడార్ పని చల్లటి నీళ్లలో దూకి, పడిన బాతును నోట కరిచి తేవడం. ఇప్పుడు బంతి తెస్తుంది, కొన్నిసార్లు పక్కింటివాళ్ల చెప్పు తెస్తుంది. కొల్లేరు వైపు బాతుల మందలు కాసి, కుందేళ్ల వెంటపడిన మన జొనంగి మాత్రం ఇక్కడ అరుదు.

ముందుగా చలి. యలహంక సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత 15 డిగ్రీల చుట్టూ తిరుగుతుంది. బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు. కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీలు. ఆ వేడిని నిలబెట్టుకోవడానికి లాబ్రడార్‌కు రెండు పొరల బొచ్చుంది, హస్కీకి అంతకంటే ఎక్కువ ఉంది. ముధోల్‌కు పలచటి చర్మం, పొట్టి బొచ్చు, కొవ్వు లేని పక్కటెముకలు తప్ప ఏమీ లేవు. పరుగెత్తేటప్పుడు ఒళ్లు కాగుతుంది. ఆగి నిలబడ్డాక చలి పట్టుకుంటుంది. తొడుగు వేయాల్సింది అప్పుడు. అది రొమ్మునూ పొట్టనూ కప్పాలి, ముందుకాళ్ల చంకల్లో ఒరుసుకోకూడదు. మంచుకు తడిసిన స్వెట్టరు అసలు స్వెట్టరే లేకపోవడం కంటే హానికరం. వెంటనే తీసేసి ఒళ్లు పొడిగా తుడవాలి. సిమెంటు గచ్చు ఒంటి వేడిని లాగేస్తుంది. ఒక చెక్కపలక, దాని మీద మడతపెట్టిన గోనెసంచి ఉంటే చాలు.

యలహంక న్యూటౌన్‌లో జనవరి ఉదయం ఆరింటికి నిలబడితే ఈ సూత్రం తలకిందులుగా అమలు కావడం చూడవచ్చు. హస్కీకి ఎర్ర ఊలు స్వెట్టరు. గొలుసు పట్టుకున్న పెద్దాయనకు బనీను, నిక్కరు. గేటు దగ్గర చలి కాగుతున్న మదనపల్లె వాచ్‌మన్ అడుగుతాడు:

“ఏం సార్, చలి మీకా, దానికా?”

“దానికేనయ్యా. సైబీరియాది కదా, ఇక్కడి చలి దానికి కొత్త.”

రెండోది వేడి. చలి కంటే ఇదే ఎక్కువ కుక్కల ప్రాణం తీస్తుంది. కుక్కకు చెమట పట్టేది ప్రధానంగా అరికాలి మెత్తల్లోనే. మిగతా వేడినంతా నాలుక బయటపెట్టి వగర్చి పంపించుకోవాలి. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే వడదెబ్బ: చొంగ కారుతుంది, చిగుళ్లు ఎర్రబడతాయి, కాళ్లు తడబడతాయి. అప్పుడు ముందు చల్లబరచాలి, తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఒళ్లంతా చన్నీళ్లు పోసి గాలి తగలనివ్వాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే కాసేపటికి అదే దుప్పటై వేడిని లోపలే ఆపేస్తుంది. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో పది నిమిషాల్లోనే దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. “రెండు నిమిషాల్లో వస్తా” అని సూపర్‌మార్కెట్‌లోకి వెళ్లినవాడు బెంగళూరు చరిత్రలో రెండు నిమిషాల్లో వచ్చిన దాఖలా లేదు. ఈ విషయంలో జొనంగి స్వతంత్రురాలు. ఎవరి ఏసీ కోసమూ చూడకుండా నేలలో గుంత తవ్వుకుని చల్లటి మట్టిలో పడుకుంటుంది. తోటలో గులాబీ మొక్కలు పెంచే యజమానికి ఈ స్వావలంబన నచ్చకపోవచ్చు.

మూడోది పాదం. తారురోడ్డు మీద అరచేతి వెనుకభాగాన్ని ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్కను ఆ రోడ్డు మీద నడిపించకూడదు. ఖాళీ సైటులో పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు, సీసా పెంకులు సమృద్ధిగా ఉంటాయి. ఇంటికి రాగానే కుక్కను పక్కకు పడుకోబెట్టి ఒక్కో కాలూ ఎత్తి, వేళ్లను విడదీసి, మధ్యలో చూపుడువేలు పోనిచ్చి తడమాలి. ముల్లు ఉన్నచోట కుక్క కాలు లాక్కుంటుంది, లేదా అక్కడే నాకుతుంది. ముల్లును దిగిన దారిలోనే వెనక్కి లాగి, ఉప్పునీళ్లతో కడిగి, తడి లేకుండా తుడవాలి. మొత్తం పని అయిదు నిమిషాలు. ఆనాడు శివసముద్రంలో ఎవరైనా ఈ అయిదు నిమిషాలు వెచ్చించి ఉంటే బెంగళూరు ఉండేది కాదేమో. ట్రాఫిక్‌లో చిక్కుకున్నవాళ్లు ఈ సంగతి విడిగా ఆలోచించుకోవచ్చు.

నాలుగోది గోమార్లు. కొన్నిచోట్ల పిడుదులంటారు. చెవి లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో కూర్చుంటాయి. చిమటాతో చర్మానికి ఆనుకుని పట్టి నేరుగా పైకి లాగాలి. కిరసనాయిలు పోయాలి, అగ్గిపుల్లతో కాల్చాలి అనే సలహాలు వీధికి రెండు దొరుకుతాయి. వాటితో గోమారి కంటే కుక్కే ముందు పారిపోతుంది. ఇవి తెచ్చే జ్వరంలో కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు తెల్లబడతాయి, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం వస్తుంది. రక్తపరీక్షకు ఆలస్యం చేయకూడదు.

అయిదోది పాము. గడ్డిలోకి ముందుగా వెళ్లేది ముక్కు కాబట్టి కాటు తరచు మూతి మీదే పడుతుంది. కోయడం, కట్టు బిగించడం, పసరు పోయడం మూడూ పనికిరావు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్లాలి. మనుషులకు వాడే విషవిరుగుడు మందే కుక్కలకూ ఇస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ అదే. హెబ్బాళలో పశువైద్య కళాశాల ఉండటం యలహంక కుక్కల అదృష్టం. మధ్యలో హెబ్బాళ ఫ్లైఓవర్ ఉండటం వాటి జాతకం.

ఆరోది తిండి. లోతైన రొమ్మున్న జాగిలాలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. పరుగుకు ముందూ తర్వాతా కనీసం గంట తిండి పెట్టకపోవడం మంచిది. నీళ్లు మాత్రం కొంచెం కొంచెంగా ఇస్తూ ఉండాలి. రాగిసంకటిలో కాస్త మాంసం కలిపితే యలహంక జాగిలానికి విందే. ఉల్లిపాయ, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ విషం. మిగిలిన బిర్యానీ ప్రేమతో పెట్టేవాళ్లు అందులోని వేయించిన ఉల్లిపాయలను మరచిపోతారు.

స్థానికంగా ఒక చిక్కుంది. ఏరో ఇండియా విమాన ప్రదర్శన కోసం, మాంసం వ్యర్థాలకు చేరే గద్దలు విమానాలకు అడ్డు రాకుండా 2025 జనవరి 23 నుంచి ఫిబ్రవరి 17 వరకు యలహంక వైమానిక స్థావరం చుట్టూ 13 కిలోమీటర్ల మేర మాంసం అమ్మకాన్ని నిలిపేశారు. అంటే మాంసాహారిగా పుట్టిన జాగిలం పెరుగన్నం తింటూ, నెత్తిమీద యుద్ధవిమానాల గర్జన వింటూ గడపాల్సి వచ్చింది. మనిషికి వినబడని శబ్దాలు కూడా కుక్కకు వినిపిస్తాయి కాబట్టి అలాంటి రోజుల్లో దాన్ని లోపలి గదిలో, కిటికీలు మూసి, తెలిసిన మనిషి పక్కన ఉంచాలి. గొలుసు వదిలితే అది దొడ్డబళ్లాపురం దాకా ఆగకపోవచ్చు.

చివరిది ఇంటికి వచ్చాక చేసే సోదా. కళ్లు, చెవులు, చిగుళ్లు, చంకలు, నాలుగు పాదాలు, తోక. వరస తప్పకుండా చూడాలి. తడి ఉంటే తుడవాలి, నీళ్లు పెట్టాలి, గోనెసంచి పరవాలి. ఇవన్నీ సరిగ్గా జరిగిన కుక్క మూడు చుట్లు తిరిగి, పడుకుని, నిట్టూర్చి నిద్రపోతుంది. కాసేపటికి నాలుగు కాళ్లూ గాలిలో చిన్నగా పరుగెత్తడం మొదలవుతుంది. లేపకూడదు. కలలో కుందేలు వెంటపడటానికి 1972 చట్టం అడ్డురాదు. ఎవరు ముందు పరుగెడుతున్నారో, ఎవరు వెనక తరుముతున్నారో మాత్రం గోనెసంచి పక్కన కూర్చున్నవాళ్లకు తెలియదు.