కకేరు పండితుడు

టోక్యోలోని నిషికసాయిలో మనవాళ్లు బాగానే ఉంటారు. వాళ్లలో కకేరు పండితుణ్ణి ఇట్టే గుర్తుపట్టొచ్చు. రైల్లో అందరూ ఫోన్లలో తలదూర్చితే, ఈయన మాత్రం రింగుకు గుచ్చిన చిట్టీల కట్ట తీసి పెదాలు కదుపుతూ జపం చేస్తుంటాడు.

జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్‌ఫైవ్, ఎన్‌ఫోర్ మెట్లు ఎప్పుడో గట్టెక్కాడు. ఎన్‌త్రీ దగ్గరే బండి ఆగింది. మొత్తం 180కి పాసు మార్కులు 95 దాటుతాయి గానీ, వినికిడి విభాగంలో 60కి కావాల్సిన ఆ 19 రావు. జులైలో పోతే డిసెంబరు, డిసెంబరులో పోతే జులై.

ఈయన ఇష్టదైవం ‘కకేరు’ అనే జపనీస్ క్రియ. ఆఫీసులో కొత్త కుర్రాడు దొరికితే వదలడు. “చొక్కాకి కిరు, ప్యాంటుకి హకు, టోపీకి కబురు. కళ్లజోడుకి మాత్రం కకేరు! తాళం వేసినా కకేరే, టోఫు మీద సోయాసాస్ పోసినా కకేరే. ఇస్త్రీ చేసినా అదే, రెండు మూళ్లు ఆరన్నా అదే.” కుర్రాడి చేతిలో సగం కొరికిన అన్నం ముద్ద ఒనిగిరి చూపించి, “ఇదిగో, తబెకకె, సగం తిన్నది!” అంటాడు. మిగతా సగం తినే తీరిక పాపం వాడికి దొరకదు.

“మనమూ తాళం వేస్తాం, ముగ్గు వేస్తాం, ఓటు వేస్తాం. ఆకలీ వేస్తుంది. ఎవరైనా లెక్కపెట్టారా అండీ?” అంటుంది ఇల్లాలు.

“అది మాతృభాష, ఇది సిలబస్సు” అంటాడు.

ఆవిడ జపనీస్ నేర్చింది సూపర్‌మార్కెట్లో, పిల్లాడి బడి గేటు దగ్గర. ఓ చలికాలం పొద్దున కుళాయిలో వేడినీళ్లు ఆగిపోయాయి. గ్యాసు కంపెనీకి ఫోన్ చేయాలి. ‘దెన్‌వా ఒ కకేరు’ అంటే ఫోన్ చేయడం. పండితుడి నోట్సులో మొదటి పేజీ, మొదటి అర్థం. ఈయన ఫోన్ పట్టుకుని, మామూలు రూపం వాడాలా, వినయ రూపమా అని తేల్చుకునేలోపే ఆవిడ లాక్కుంది. “సుమిమాసెన్. ఒయు, దెనాయ్.” క్షమించండి, వేడినీళ్లు రావట్లేదు, అంతే. సాయంత్రానికి మెకానిక్ వచ్చాడు.

“ఒయు తర్వాత ‘గ’ ప్రత్యయం వదిలేశావు” అన్నాడు పండితుడు.

“మరి మీరే చేయొచ్చుగా!”

“ఈ దేశంలో ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టకూడదే. ఇబ్బంది పెట్టడాన్ని మెయ్‌వాకు ఒ కకేరు అంటారు. రాసుకో, అది ఇంకో అర్థం.”